పద్నాలుగేళ్లు దాటాక

మాండవ్యుడి కథ ఎప్పుడో ఒకప్పుడు మనందరి చెవినా పడే ఉంటుంది. చెట్టు కింద మౌనంగా తపస్సు చేసుకుంటున్న మునిని దొంగల జట్టులోవాడని పొరబడి రాజు కొరత వేయిస్తాడు. ముని చావడు. తప్పు తెలుసుకున్న రాజు వచ్చి కాళ్ల మీద పడతాడు. శూలం ఎంత లాగినా ఊడి రాదు. కోసేస్తే మొన ఒంట్లోనే ఉండిపోతుంది. ఆ మొనతోనే ముని ధర్మదేవత అయిన యముడి దగ్గరికి పోయి నిలదీస్తాడు: ఇంత శిక్షకు నేను చేసిన తప్పేమిటి? చిన్నప్పుడు పురుగుల తోకల్లో పుల్లలు గుచ్చావు, అదే ఇది, అంటాడు యముడు. ఏ పురుగులని అడిగితే, తెలుగునాట కథ చెప్పే పెద్దవాళ్లెవరైనా తూనీగలనే అంటారు.

మాండవ్యుడు తలవంచుకుని వెనక్కి రాలేదు. ఏది ధర్మమో తెలియని వయసులో చేసిన చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్షా అని వాదించి, పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలు చేసినదేదీ పాపం కింద రాదని కొత్త హద్దు గీశాడు. దేవుడి లెక్కను మనిషి దిద్దిన సందర్భాలు మన పురాణాల్లో అరుదు. అందుకే ఈ కథంటే నాకిష్టం.

ఇష్టం ఉన్నచోటే ప్రశ్నలూ పుడతాయి. శిక్ష తప్పుకు తగినట్టుండాలని అంత చక్కగా వాదించిన ముని, మరుక్షణమే యముణ్ణి శూద్ర స్త్రీ కడుపున పుట్టమని శపించాడు. ఒక తల్లి కడుపున పుట్టడమే శిక్ష ఎలా అవుతుందని ఆయనకు తోచలేదు. అలా పుట్టిన విదురుడు కురుసభలో అందరికంటే సూటిగా న్యాయం మాట్లాడాడన్నది తర్వాతి సంగతి. తన ఒంట్లో మొన నొప్పి తెలిసినవాడికి కూడా పక్కవాడి నొప్పి తెలియకపోవచ్చు. ఇక రెండో ప్రశ్న తూనీగది. యముడు దాన్ని సాక్ష్యంగా వాడుకున్నాడు, మాండవ్యుడు చిన్న తప్పుగా కొట్టేశాడు. ఇద్దరి వాదంలోనూ అది ఎలా ఉంటుంది, ఎలా బతుకుతుంది అన్న మాటే లేదు. పుల్ల గుచ్చుకున్నది దానికి కదా?

ఈ ప్రశ్న వెంటబెట్టుకుని తూనీగల్ని చూడాలంటే మా సంగం మంచి చోటు. ఇక్కడ పెన్న కాసేపు నిలబడి పోతుంది. 1880ల్లో కట్టిన పాత ఆనకట్ట చేసిన పనిని ఇప్పుడు బ్యారేజి చేస్తోంది. 2022 సెప్టెంబర్ 6న ప్రారంభమైన ఆ బ్యారేజికి, అదే ఏడాది మంత్రిగా ఉండగా కన్నుమూసిన ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతంరెడ్డి పేరు పెట్టారు. ఇక్కడి నుంచి నీళ్లు కనిగిరి రిజర్వాయరుకూ కనుపూరు కాలువకూ మళ్లుతాయి. నది, కాలువ, పంట బోదె, వరి మడి, చెరువు, కలుజు కింది మడుగు, రోడ్డు పక్క గుంట: మనకు ఇవన్నీ నీళ్లే. తూనీగకు వేరు వేరు ఊళ్లు. పారే నీళ్లు కావలసినది గుంట దగ్గర కనపడదు, తుంగ కావలసినది సిమెంటు కాలువ మీద వాలదు. ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు పోతే నేల ఎండిపోతుంది, గుట్టలు మొదలవుతాయి. అక్కడ రాతి మీద నిలిచిన వాన నీళ్లే చాలనుకునేది ఇంకొకటి ఉంటుంది.

కాలువ గట్టున అలా చూస్తూ కూర్చున్నప్పుడు ఒక కుర్రాడు వచ్చి పక్కన చేరాడు. చేతిలో దారం ఉంది. దారం చివర ఏముందో చెప్పనక్కర్లేదు.

"ఏంది నా, అంతసేపట్నుంచీ చూస్తుండావు?"

"తూనీగల్ని."

"పట్టుకోవా?"

"లేదబ్బయ్యా, ఊరికే చూస్తున్నా."

"చూస్తే ఏమొస్తాది నా?"

పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం కష్టమని ఊరికే అనరు. చూస్తే ఏమొస్తుంది? మాండవ్యుడి కథలో ఎవరూ అడగనిది వాడు అడిగాడు. దానికి నాకు తోచిన జవాబును వరసగా చెప్పుకొస్తాను. అది తేలిక జవాబు కాదు.

చూడగానే వచ్చేది గందరగోళం. తూనీగ అంటే ఒకటే అనుకుని కూర్చుంటే, కాసేపటికే అది ఒకటి కాదని తేలిపోతుంది. ప్రపంచంలో ఆరు వేలకు పైగా జాతులున్నాయి. గట్టు మీద తెలుసుకోవడానికి మొదటి గుర్తు రెక్కలు. వాలినప్పుడు వాటిని పక్కలకు చాచి ఉంచేవి ఒక తెగ; వెనక్కి మడిచి ఒంటికి దగ్గరగా చేర్చుకునే సన్నటివి ఇంకో తెగ. సన్నవాటి కళ్లు తలకు అటొకటి ఇటొకటి దూరదూరంగా ఉంటాయి. ఆ తర్వాత రంగు, తోక మీది చారలు, రెక్కలో మచ్చ, ఎక్కడ వాలింది, ఎలా వాలింది.

మురుగు కలిసే కాలువ మీద కూడా విడవకుండా తిరిగే నారింజ రంగు తూనీగను తీసుకోండి. శాస్త్రంలో దాని పేరు బ్రాకీథెమిస్ కంటామినాటా. మగదాని తోక నారింజ, రెక్కల్లో సగానికి పైగా అదే రంగు పులిమినట్టుంటుంది, ఎండ పడితే రెక్కల ఈనెలు కూడా ఎర్రగా మెరుస్తాయి. నీళ్లలోంచి పైకి తేలిన పుల్ల మీద వాలుతుంది, లేస్తుంది, నాలుగు బారల దూరం పోయి వేరే మగదాన్ని తరిమి మళ్లీ అదే పుల్ల మీద వాలుతుంది. దాని పక్కనే పాలిపోయిన పసుపుతో, రెక్కలకు రంగు లేకుండా ఇంకొకటి కూర్చుంటుంది. ఇది వేరే జాతి అని రాసుకుంటాం. కాదు. అది ఆడది కావచ్చు, లేదా ఇంకా రంగు తిరగని పడుచు మగది కావచ్చు. నెత్తురు రంగులో ఉండే క్రోకోథెమిస్ సర్విలియా కూడా అంతే, మగది పుట్టినప్పుడు బంగారు పసుపు, ముదిరాక ఎరుపు. నేల మీద వాలే చిన్న డిప్లాకోడెస్ ట్రివియాలిస్ మగది పసుపు పచ్చగా మొదలై, వయసొచ్చేకొద్దీ ఒంటికి నీలపు బూడిద పూసుకుంటుంది.

ఇక్కడ ఆలోచించవలసింది ఒకటుంది. గుర్తుపట్టే పుస్తకాలు తిరగేస్తే ఎక్కువ బొమ్మలు ముదురు మగవాటివే. జాతిని పిలిచేదీ వాటి రంగుతోనే. ఆడది, పడుచుది, నీటిలోని పిల్ల అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. మన ఊళ్లో ఇంటిని మగవాడి పేరుతోనే చెప్పుకోవడం ఎంత మామూలో ఇదీ అంతే మామూలైపోయింది. పేరు తెలిసిందంటే ప్రాణి తెలిసినట్టేనా? లేక దాని జీవితంలో మన కంటికి ఇంపైన నాలుగు వారాలు తెలిసినట్టా?

పేర్లు పెట్టినవాళ్ల కథ కూడా ఇలాంటిదే. వరి చేల గట్ల మీద, తుంగలో తిరిగే సన్నటి పసుపు తూనీగ ఒకటుంది, సెరియాగ్రియాన్ కోరమాండెలియానం. మన తూర్పు తీరం పేరే దాని పేరు. 1798లో దాన్ని లోకానికి చెప్పిన డెన్మార్క్ పండితుడు ఫాబ్రిషియస్ లిన్నేయస్ శిష్యుడు. ఈ తీరం మీద అడుగు పెట్టినవాడు కాదు. ఓడల్లో చేరిన ఎండు పురుగులను చూసి రాశాడు. బ్రిటిష్ ఇండియా తూనీగల మీద 1933 నుంచి 1936 దాకా మూడు సంపుటాలు రాసిన ఎఫ్.సి. ఫ్రేజర్ సైన్యంలో వైద్యుడు. ఆయన మాత్రం ఈ దేశపు కొండల్లో, వాగుల్లో తిరిగినవాడే. ఇప్పటికీ మన దగ్గర తూనీగ పేరు తేల్చుకోవాలంటే చివరికి ఆయన పుస్తకం దాకా పోవలసిందే. ఆ పుస్తకం వెనక వందల తూనీగలు సూదికి గుచ్చి ఉన్నాయి. కుర్రాడి దారానికీ, మాండవ్యుడి పుల్లకూ, ఫ్రేజర్ సూదికీ తేడా ఏమిటి? తూనీగ వైపు నుంచి చూస్తే ఏమీ లేదు. తేడా ఉంటే మన వైపునే ఉండాలి: గుచ్చిన తర్వాత మనకు ఏం తెలిసింది, తెలిశాక మనం ఏం చేశాం అన్నదానిలో. ఆ సూదుల పుణ్యమా అని ఈరోజు మనకు సూది అక్కర్లేదు, కెమెరా ఉన్న ఫోను చాలు. అక్కడిదాకా వచ్చి కూడా గుచ్చుతూనే ఉంటే, ఆ తప్పు మనదే అవుతుంది.

నీటి అడుగుకు వద్దాం. రెక్కల తూనీగ బతికేది కొన్ని వారాలు. అంతకుముందు దాని బతుకంతా నీళ్లలోనే, కొన్ని జాతుల్లో నెలన్నర, కొన్నిటిలో ఏళ్లు. బురద రంగు, రెక్కల జాడ లేదు. ముఖం కింద మడిచి దాచుకున్న పెదవిని ఒక్కసారి ముందుకు విసిరి దోమ పిల్లనో, చిన్న కప్ప పిల్లనో లాక్కుంటుంది. రెక్కలు చాచి వాలే తెగ పిల్లలకైతే మొప్పలు పేగు చివర ఉంటాయి; అక్కడి నీటిని జోరుగా వెనక్కి చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. సీతాకోకచిలుకలా గూడు కట్టుకుని నిద్రపోయే దశ దీనికి లేదు. ఒక రాత్రి తుంగ కాడ పట్టుకుని నీళ్లలోంచి పైకి వస్తుంది, వీపు చిట్లుతుంది, లోపలి నుంచి మెత్తటి, పాలిపోయిన దేహం బయటికొచ్చి తలకిందులుగా వేలాడుతుంది. ముడుచుకున్న రెక్కలు మెల్లగా సాగి గట్టిపడతాయి. పొద్దున్నే చెరువు గట్టున తుంగ మొదళ్లలో చూడండి, కాళ్లతో కాడను పట్టుకుని ఉన్న ఖాళీ పొట్టు కనపడుతుంది. మనం జీవితమని పిలుస్తున్నది ఏ సగాన్ని? ఎగిరే సగాన్నా, బురదలో పాకే సగాన్నా? తుంగ కోసేస్తే పైకెక్కడానికి కాడ లేక ఆగిపోయేది ఎగిరే తూనీగ కాదు, మన కంటికి ఎప్పుడూ పడని రెండోది.

ఇంతదాకా వింటే తూనీగ ఏదో సాధుజీవి అనిపించవచ్చు. కాదు. ఆకుపచ్చ ఒంటి మీద నల్లచారలుండే ఆర్థెట్రం సబీనాను గమనించండి, దాదాపు తన అంతటి తూనీగను పట్టుకుని కొమ్మ మీద కూర్చుని తల నుంచి నమిలేస్తుంది. ఒక్కో కంటిలో ముప్పై వేల దాకా కటకాలు, గాలిలో ఆగి వెనక్కి మళ్లగల నాలుగు రెక్కలు, బుట్టలా ముడిచే ఆరు కాళ్లు. పరిశోధకుల లెక్కల్లో నూటికి తొంభైకి పైగా దాని వేట గురి తప్పదు. దీని పూర్వపు చుట్టాలు రెండడుగులకు పైగా రెక్కలతో 30 కోట్ల ఏళ్ల కిందటే ఎగిరాయి. జాలి అనేది లేని లోకం అది. మరి జాలి లేనిదాని మీద మనం జాలి పడాలా?

పడనక్కర్లేదనే వాదన గట్టిదే. అహింస ప్రకృతిలో లేదు, ఏ జంతువూ దాన్ని పాటించదు. కానీ ఆ వాదన మనకు అనుకూలంగా పని చెయ్యదు. తూనీగకు ఇంకో దారి లేదు, దానికి ఆకలి ఒక్కటే తెలుసు. మనకు ఇంకో దారి ఉంది, ఉందని తెలుసు కూడా. నీతి మొదలయ్యేది ప్రకృతిలో కాదు, ఇంకోలా చెయ్యవచ్చునని తెలిసిన బుర్రలో. యముడి చిట్టా ఉన్నా లేకపోయినా ఈ సంగతి మారదు.

ఇంకో మధ్యే మార్గం ఉంది: తూనీగ దోమల్ని తింటుంది కాబట్టి దాన్ని కాపాడుకుందాం. నిజమే. మయన్మార్‌లోని యాంగోన్‌లో నీటి తొట్లలో తూనీగ పిల్లల్ని వదిలి డెంగీ దోమను బాగా తగ్గించారు. 1990లో వచ్చిన ఆ పరిశోధనలో వాడినది మన చెరువుల దగ్గరా తిరిగే ఆ నెత్తురు రంగు జాతినే. కార్తీకంలో దోమలతో వేగే మనకు ఇది తీసిపారేసే సంగతి కాదు. అయినా, మనకు పనికొచ్చేదే బతకాలన్న సూత్రాన్ని కొంచెం ముందుకు సాగదీయండి. పనిచెయ్యలేని ముసలివాడు, మంచం పట్టిన మనిషి, అప్పు తీర్చలేని రైతు ఎక్కడ నిలబడతారు? మనిషిని ఉపయోగంతో తూచకూడదని నమ్మేవాళ్లం తూనీగ దగ్గరికి రాగానే ఆ తక్కెడ ఎందుకు తీస్తాం? లాభం ఒక కారణం కావచ్చు, అదొక్కటే కారణం అయిందంటే ప్రమాదం.

ఉపయోగానికి అందని తూనీగ కూడా ఒకటుంది. వానలు పట్టే ముందు మైదానం మీద, చేల మీద గుంపులు గుంపులుగా ఎంతకీ వాలకుండా తిరిగే పసుపు రంగువి, పాంటాలా ఫ్లావెసెన్స్. ఇవి కిందికి దిగి తిరిగితే వాన వస్తుందంటారు మనవాళ్లు. వానగుంటలోనే గుడ్లు పెడతాయి, గుంట ఎండేలోగా పిల్లలు పెరిగి ఎగిరిపోవాలి, నెలన్నర రెండు నెలల్లో అంతా అయిపోతుంది. మాల్దీవుల్లో ఉండి సముద్రజీవుల మీద పనిచేసిన చార్లెస్ ఆండర్సన్ 2009లో ఒక సంగతి రాశాడు. నిలవ నీళ్లే దాదాపుగా లేని ఆ దీవుల మీదికి ఏటా అక్టోబర్‌లో ఇవి లక్షల్లో వస్తున్నాయి. భారతదేశం నుంచి గాలివాలుతో సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా దాకా పోయి, అక్కడి వానల్లో పిల్లల్ని పెట్టి, నైరుతి గాలులతో మళ్లీ ఇటు వస్తున్నాయని ఆయన ఊహ. మొత్తం చుట్టు 14 వేల నుంచి 18 వేల కిలోమీటర్లు, నాలుగు తరాలు. అంటే బయల్దేరినది తిరిగి రాదు, తిరిగి వచ్చినది బయల్దేరినదాన్ని చూడలేదు. దారి చెప్పడానికి పెద్దలెవరూ లేరు. మరి ప్రయాణం చేస్తున్నది ఎవరు? ఒక్కొక్క తూనీగా, జాతా, గాలా? తాము మొదలుపెట్టినదాన్ని తమ కళ్లతో చూడలేమని తెలిస్తే మనుషులు చాలా పనులు మొదలే పెట్టరు. తూనీగకు తెలియదు కాబట్టి పోతుంది అంటారేమో. తెలిసి కూడా పోగలిగితే అది మనిషితనం. ఈశాన్య వానలకు ఎదురుచూసే మన ఆకాశం మీద తిరిగేవి ఇలాంటి బాటసారులు. వీటిని ఏ పంచాయతీ చిట్టాలో రాసుకుంటాం?

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్నకు రాగలను. చూస్తే వచ్చేది తెలివి, తెలివితో పాటే బాధ్యత. మాండవ్యుడి హద్దును నేను వయసుతో కొలవను. పద్నాలుగేళ్లనేది తెలియనితనానికి ఇచ్చిన గడువు మాత్రమే. తెలిసిన రోజున గడువు తీరిపోతుంది. దారం కట్టిన పిల్లవాడు ఇంకా ఆ గడువులోపలే ఉన్నాడు. బయట ఉన్నది మనం. ఒక పిల్లవాడి దారం ఒక తూనీగను చంపుతుంది; పెద్దవాళ్ల ఒక్క నిర్ణయం చెరువు మొత్తాన్ని ఖాళీ చేస్తుంది, అదీ ఎవరి మీదా కోపం లేకుండా, ఎవరూ చూడకుండా.

జపాన్‌లో వరి మళ్లలో పెరిగే ఎర్ర తూనీగలు 1990ల చివరి నుంచి చాలా చోట్ల పలచబడిపోయాయి. నారుకు వేసే కొత్త రకం పురుగుమందులు, ముఖ్యంగా ఫిప్రోనిల్, నీటిలోని పిల్లల్ని చంపుతున్నాయని అక్కడి పరిశోధకులు చూపారు. ఆ మందుల పేర్లు మన ఎరువుల దుకాణాల్లోనూ వినపడతాయి. ప్రపంచం మొత్తం మీద తూనీగల్ని లెక్కగట్టిన ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2021 డిసెంబర్‌లో చెప్పినదాని ప్రకారం, పరిశీలించిన 6,016 జాతుల్లో 16 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. చిత్తడి నేలలు పోవడం పెద్ద కారణం.

ఇందులో రైతును దోషిగా నిలబెట్టడం సులువు, అన్యాయం కూడా. ఎడగారు పంట మీద అప్పు తెచ్చినవాడికి పురుగు పడితే మందు కొట్టక ఏం చేస్తాడు? శిక్ష తప్పుకు తగినట్టుండాలన్న మాండవ్యుడి మాట ఇక్కడ రైతు పక్షానే నిలబడాలి. సిమెంటు కాలువ చివరి మడికి నీళ్లు చేరుస్తుంది, బ్యారేజి ఊళ్లకు అన్నం పెడుతుంది. తూనీగ కోసం వాటిని వద్దనేవాడు ఆకలి ఎరగనివాడు. నేను అడిగేది అంతకంటే చిన్నది: రెండూ కుదిరే చోట కూడా మనం ఒకదాన్నే ఎందుకు ఎంచుకుంటున్నాం?

తూనీగలు చాలా ఉన్నాయి కదా అని ఊరడించుకోవడం కూడా పొరపాటే. మురుగు నీటిలో కూడా నారింజ తూనీగ వందల్లో తిరుగుతుంది. ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎన్ని రకాలున్నాయన్నది చూడాలి. చెరువు మీద ఒకే రంగు మిగిలిందంటే నీటిలో ఏదో తేడా వచ్చిందని అర్థం. సీతాకోకచిలుకలా గోధుమ, పసుపు రెక్కలు ఆడించే రైయోథెమిస్ వేరీగాటా, ఉదయగిరి రాళ్ల మీద, ఇళ్ల గోడల మీద రాయిలో రాయిలా కలిసిపోయే బ్రాడినోపైగా, గట్టు మీది సన్నటి పసుపువి, ఇవన్నీ కలిసి కనపడుతున్నంతవరకూ చెరువు బతికే ఉన్నట్టు. ఇది తెలుసుకోవడానికి చదువూ అక్కర్లేదు, ఖర్చూ అక్కర్లేదు. కాస్త తీరిక, పక్కన కూర్చునే ఒక పిల్లవాడు ఉంటే చాలు. వాడి చేతిలో దారం లాక్కోకండి. రెండు తూనీగల్ని చూపించి తేడా చెప్పమనండి, దారం సంగతి వాడే మర్చిపోతాడు.

పెద్దవాళ్లకు మాత్రం ఒక మనవి. ఈసారి మీ ఊరి చెరువుకు పూడిక తీతో, గట్టు పనులో వచ్చినప్పుడు గ్రామసభలో లేచి ఒక్క మాట అడగండి: తుంగ, జమ్ము మొత్తం పీకకుండా ఒక ఒడ్డునైనా అలాగే ఉంచమని. దానికి అదనంగా రూపాయి కూడా ఖర్చు కాదు.